ఊరు వదిలిన పల్లె - పట్నంలో చోటు

ఊరికీ పల్లెకీ గొడవ ఎప్పుడూ పొలం గట్టు మీదే మొదలవదు. 'అందరిదీ' అనుకునే చోట కూడా మొదలవుతుంది. అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో అది మంచినీళ్ల చెరువు. గేదెలకు కుడితి పెట్టిన బకెట్లు దళితులు తాగే నీళ్లలో కడగొద్దన్నాడని 1985 జూలై 16న ఒక మాదిగ కుర్రాణ్ని కొట్టారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో అది సినిమా హాలు. చదువుకున్న దళిత యువకుడి కాలు ఒక రెడ్డికి తగిలింది. దాని మీద పెరిగిన కక్షలో, సాంఘిక బహిష్కరణ తర్వాత, 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు.

చెరువు, హాలు అందరివేనని చట్టం చెబుతుంది. అక్కడ ఎవరు తలెత్తి నిలబడాలో మాత్రం భూమి ఉన్న కులం చెబుతుంది. ఈ తేడా అర్థం చేసుకుంటేనే బాధితులు పట్నం ఎందుకు చేరారో తెలుస్తుంది.

కారంచేడు మాదిగలు నడిచిపోగల దూరంలోని చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఊళ్లో కూలి, దారి, నీళ్లు అన్నీ దొర చేతిలోవే. చర్చి స్థలం ఆ చేతికి అందదు. పైగా పట్నంలో ఆసుపత్రి ఉంది, రైలు ఉంది, విలేకరులు వస్తారు. ఊళ్లోనైతే కప్పిపెట్టగలిగిన రక్తం ఇక్కడ రాష్ట్రమంతటికీ కనపడింది. అధికారంలో ఉన్న తెలుగుదేశానికి కారంచేడు దొరలు దగ్గరి చుట్టాలు. అయినా శిబిరాన్ని చెదరగొట్టడం తేలిక కాలేదు.

తలదాచుకున్న చోటే క్రమంగా పోరాట కేంద్రమైంది. విద్యార్థులు, ఉద్యోగులు, హక్కుల సంఘాలవాళ్లు అక్కడికే వచ్చారు. బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవి వదులుకున్నారు. 1985 సెప్టెంబరు 1న దళిత మహాసభ పుట్టింది. తారకం అధ్యక్షుడు, కత్తి పద్మారావు ప్రధాన కార్యదర్శి. తిరిగి ఆ ఊరికి పోమన్న జనం పట్టుదల వల్లే చీరాలలో విజయనగర్ కాలనీ వచ్చింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం వెనక ఇలాంటి పోరాటాల ఒత్తిడే ఉంది.

అయితే దీనికి ధర చెల్లించారు. ఊరు వదిలితే ప్రాణం దక్కుతుంది గానీ భూమి దొరకే మిగులుతుంది. చేతికొచ్చిన వ్యవసాయ పని పోతుంది. పట్నంలోనూ అద్దె ఇంటికి పోతే కులం అడుగుతారు. వలస ఒక్కటే విముక్తి అయితే ఊళ్లన్నీ దొరలకు రాసిచ్చినట్టే.

చుండూరు ఈ ప్రశ్నకు వేరే జవాబు వెతికింది. బాధితులు తెనాలిలో శిబిరం పెట్టారు. చనిపోయినవాళ్లను మాత్రం ఊరి నడుమనే పాతిపెట్టి ఆ చోటికి 'రక్తక్షేత్రం' అని పేరు పెట్టుకున్నారు. విచారణ మా ఊళ్లోనే జరగాలని పట్టుబట్టి, ప్రత్యేక కోర్టును చుండూరుకే రప్పించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. తీర్పు పోయింది, రక్తక్షేత్రం ఊరి నడుమనే ఉంది.

మన ఉదయగిరి, ఆత్మకూరు వైపు కూడా ఇలాంటి అనుభవం ఉంది. 1990ల మొదట్లో దూబగుంట రాత్రిబడిలో కూర్చున్న ఆడవాళ్లు సారా గురించి మాట్లాడుకున్నారు. అక్కడ మొదలైన కదలిక నెల్లూరు పట్నంలో సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడేదాకా పోయింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. కూర్చుని మాట్లాడుకునే చోటంటూ ఒకటి ఉంటేనే అంతదూరం పోగలిగారు.

కాబట్టి చేజర్ల అయినా, ఆత్మకూరు అయినా, మండల కేంద్రంలో పనిచేసే మిత్రులు ముందు అడగాల్సింది ఒకటే. దాడి జరిగిన రాత్రి మనవాళ్లు ఎక్కడికి పోతారు? ఆ చోటు ఎవరి చేతిలో ఉంది? హాస్టలు, చర్చి, కమ్యూనిటీ హాలు, విగ్రహం దగ్గరి అరుగు - ఏదైనా కావొచ్చు. దాన్ని దాడికి ముందే మనది చేసుకోవాలి.