ఫార్మ్ లాక్ అయినా ‘పే’ బటన్ ఆగలేదా? మీ ఫోన్‌లో బ్రౌజర్ ఏదో చూడండి!

ఆన్‌లైన్‌లో ఎగ్జామ్ ఫీజు కడుతున్నారు అనుకుందాం. ‘పే’ నొక్కగానే ఫార్మ్ మొత్తం లాక్ అవ్వాలి. పేరు, హాల్ టికెట్ నంబర్ బాక్సులు లాక్ అయ్యాయి, ‘పే’ బటన్ మాత్రం అలాగే ఉంది. కోసిగి లాంటి ఊళ్లో సిగ్నల్ ఒక గీతకు పడిపోయి చక్రం తిరుగుతూనే ఉంటే ఎవరైనా ఏం చేస్తారు? ఇంకోసారి నొక్కుతారు. డబ్బు రెండుసార్లు కట్ అయ్యే ప్రమాదం ఇక్కడే ఉంది.

ఎందుకిలా?

ఫార్మ్‌ను ఒకేసారి లాక్ చేయడానికి డెవలపర్లు ఫీల్డ్‌సెట్ ట్యాగ్‌కి ‘డిజేబుల్డ్’ అని పెడతారు. లోపలున్న మామూలు బాక్సులు, బటన్లు అన్నీ ఆగిపోతాయి. కానీ వెబ్ కాంపొనెంట్‌లో అసలు బటన్ షాడో డామ్ అనే గోడ వెనక ఉంటుంది. ఫీల్డ్‌సెట్ మాట ఆ గోడ దాటదు. ఏ బ్రౌజర్‌లోనైనా ఇంతే.

మరి తేడా ఎక్కడ?

కాంపొనెంట్‌లో ‘ఫార్మ్ అసోసియేటెడ్’ అని రాస్తే, ఫార్మ్ లాక్ అయినప్పుడు బ్రౌజరే ‘ఫార్మ్ డిజేబుల్డ్ కాల్‌బ్యాక్’ను పిలిచి ఆ సంగతి చెప్తుంది. అప్పుడు లోపలి బటన్‌ను మనమే ఆపాలి. ఈ సదుపాయం క్రోమ్‌లో 2019లో వెర్షన్ 77తో, ఫైర్‌ఫాక్స్‌లో 2022లో వెర్షన్ 98తో వచ్చింది. సఫారీలో 2023 మార్చిలో, 16.4తో గానీ రాలేదు.

ఆండ్రాయిడ్‌లో క్రోమ్ ప్లే స్టోర్ నుంచి విడిగా అప్‌డేట్ అవుతుంది. ఐఫోన్‌లో సఫారీ ఇంజిన్ వెబ్‌కిట్ ఐఓఎస్‌తోనే వస్తుంది. ఐఫోన్ 7 ఐఓఎస్ 15 దగ్గరే ఆగిపోయింది. అందులో క్రోమ్ వేసుకున్నా లాభం లేదు, దాని లోపల కూడా వెబ్‌కిట్టే! సెకండ్ హ్యాండ్‌లో ఐఫోన్ కొనేవాళ్లు కెమెరాతో పాటు ఇది కూడా చూసుకోవాలి.

ఏం చేయాలి?

డెవలపర్లయితే పాత ఐఫోన్ల కోసం ఫీల్డ్‌సెట్ మార్పును మ్యుటేషన్ అబ్జర్వర్‌తో గమనించి లోపలి బటన్‌ను ఆపండి. అసలు తాళం మాత్రం సర్వర్ దగ్గరే వేయాలి: ఒక్కో చెల్లింపుకి ఒకే ఆర్డర్ నంబర్ ఇచ్చి, అదే నంబర్ మళ్లీ వస్తే తిప్పి పంపాలి. డిజేబుల్డ్ అనేది తెర మాత్రమే, తాళం కాదు.

ఫీజు కట్టేవాళ్లయితే రెండోసారి నొక్కే ముందు యూపీఐ యాప్‌లో హిస్టరీ చూడండి. ‘పెండింగ్’ అని ఉంటే కాసేపు ఆగండి.