కొండ యింటికి చుట్టములు

కార్తీకమాసము వచ్చినదనగానే మనకు ఉసిరికచెట్టు నీడయు, విస్తరాకులును, పులిహోరయు జ్ఞప్తికి వచ్చును. కరీంనగరము చుట్టుపట్ల నుండు మాబోటివారికి వనభోజనమన్న గుట్టకు పోవుటయే. ఈ సీమలో ఏ త్రోవను నడచినను కనుచూపుమేరలో నొక గుట్ట కన్పట్టును. ఎలగందుల కోట గుట్టపైననే యున్నది. రామగిరి దుర్గము గుట్టపైననే యున్నది. కొండగట్టు ఆంజనేయస్వామియు గుట్టపైననే వెలసియున్నాడు.

గత కార్తీకమున మేము, మావారితో కలిసి పనిచేయు ఉపాధ్యాయుల కుటుంబములు మరి నాలుగింటితో కూడి, పాండవుల గుట్టకు పోయితిమి. అది కరీంనగరమునకు తూర్పుగా, నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని రేగొండ మండలమున నున్నది. అది ఇసుకరాతి గుట్ట. అందలి గుహలకును బండలకును జనులు పెట్టుకొన్న పేర్లు వినుటకే ముచ్చటగా నుండును. ఒకటి పంచపాండవుల గుహ, ఒకటి గొంతెమ్మ గుహ. గొంతెమ్మ యనగా మన కుంతీదేవియే. ఆ రాతిచరియల క్రింద ఆదిమానవులు జేగురురంగుతో అడవిదున్నలను, జింకలను, పులులను చిత్రించిరి. తరువాతి కాలములవారు వానిచెంతనే పలురంగులతో పాండవులను గూడ లిఖించిరి. 1990 ప్రాంతమున ఈ చిత్రములు పురాతత్త్వజ్ఞుల దృష్టికి వచ్చినవి. ఇటీవలి సంవత్సరములలో అటవీశాఖవారు అచ్చట త్రాళ్ల సాయమున శిలారోహణము నేర్పు ఏర్పాట్లును గావించిరి.

మేము చేరునప్పటికే అచ్చట రెండు పెద్ద బస్సులును, పదికి మించిన కార్లును నిలిచియుండెను. దూరపు పట్టణమునుండి వచ్చిన యువతీయువకులు నూఱుమందికి తక్కువ లేరు. ఎవరెచ్చటివారో ఇచ్చట చెప్ప బనిలేదు. వారు చెడ్డవారు కారు. నవ్వుచు, తుళ్లుచు, ఒకరినొకరు ప్రోత్సహించుకొనుచు చరియల నెక్కుచుండిరి. వారి నేర్పు చూచి మేమును ఆశ్చర్యపడితిమి. అయితే ఒక్క చరియ క్రింద నూఱుమంది చేరినప్పుడు వంతు రానివారేమి చేయుదురు? కొందరు చెట్ల మొదళ్లలో పొయ్యి పెట్టిరి. కొందరు పాటలపెట్టె మ్రోగించిరి. చెమటకు పట్టు జారకుండుటకై చేతులకు పూసికొను తెల్లని పొడితోనే ఒక పిల్లవాడు గుహలోనికి వచ్చి, జింక చిత్రముపై అరచేయి మోపి ఫొటో తీయించుకొనెను. అతడు చేయి తీసిన పిదప ఆ జింక వీపుపై తెల్లని ముద్ర మిగిలినది. మాలో నొకరు తుడువబోగా మావారు వారించిరి. తుడిచినచో పొడితోపాటు రంగుకూడ రాలును గదా!

అదే సమయమున పదమూడేండ్ల మా అమ్మాయి మా కొంగు పట్టుకొని, "అమ్మా, నేను గూడ ఎక్కుత!" అనెను. మాతో వచ్చిన పెద్దావిడ యొకరు, "ఆడపిల్లకు బండలెక్కుడేందమ్మా?" అని నవ్వినది. అమ్మాయి ముఖము చిన్నబోయినది. మేము ఔననను లేదు, కాదనను లేదు. ఇంటికి వచ్చిన పిదప పలుదినము లాలోచించితిమి.

ఆడపిల్ల కేలయను ప్రశ్నకు సమాధానము మన పొరుగుననే యున్నది. నిజామాబాదు జిల్లాలోని పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ, ప్రభుత్వ గురుకులములో చదువుకొనుచు, మొట్టమొదట భువనగిరి బండమీద త్రాడు పట్టుట నేర్చినది. 2014 మే 25వ తేదీన, పదునాలుగేండ్లయినను నిండకమునుపే, ఎవరెస్టు శిఖరముపై నిలిచినది. కావున మా సంకోచము ఆడపిల్ల యను మాటవలన కాదు. ఆ జింక వీపుమీది తెల్లని చేయియే మమ్ము నాపినది.

కొండ యెక్కుటలో దోషము లేదు. దోషమంతయు లెక్కలో నున్నది. మన యింటికి నలుగురు చుట్టములు వచ్చిన పీట వేసి కూర్చుండబెట్టుదుము. నలుబదిమంది చెప్పకుండ వచ్చి వంటయింటిలో దూరిన, వారెంత మంచివారైనను ఇల్లు నిలుచునా? కొండయు నట్లే. ఇసుకరాయి వానకు తడిసినప్పుడు బలము తగ్గును. అప్పుడెక్కిన పట్టుకొన్నచోట పెళ్లలు ఊడివచ్చును. ఒక్క పాదము త్రొక్కిన గడ్డి మరల లేచును, నూఱు పాదములు త్రొక్కినచోట త్రోవ పడి, వానకాలమున మట్టి కొట్టుకొనిపోవును. చరియలకు పట్టిన కొండతేనెపట్టు కదలినచో మొదట ప్రాణాపాయము మనుష్యులకే.

కొండలో నివసించువారు వేరే కలరు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని బెజ్జూరు అడవులలో, ప్రాణహిత చెంత, పాలరాపు గుట్ట యను నిట్రమైన చరియ కలదు. 2013లో అచ్చట పొడుగుముక్కు రాబందులు గూళ్లు కట్టుకొనియుండుట కనుగొనబడినది. పశువులకిచ్చు డైక్లోఫెనాక్ అను మందు, చచ్చిన పశువు మాంసముద్వారా రాబందులకు విషమై, దేశమంతట వానిని హరించినది. ఆ మందును పశువులకు వాడరాదని 2006లో నిషేధించిరి. ఈ పక్షి యేడాది కొక్క గ్రుడ్డే పెట్టును. రామాయణము చదివిన మనకు జటాయువు వంశమువారిని గూర్చి వేరుగ చెప్పవలయునా? అట్టి చరియపై గూటి ఋతువులో త్రాళ్లు వేసినచో, వేడుక మనది, వంశనాశము వారిది.

ఈ చిక్కు మనకే కాదు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున హ్యూకో టాంక్స్ అను బండల ప్రదేశము కలదు. అచ్చటను ప్రాచీన చిత్రములున్నవి, అచ్చటికిని శిలారోహకులు గుంపులుగా వచ్చిరి. అధికారులు కొండను మూయలేదు. ఒక భాగములోనికి ఒకేసారి 70 మందినే పంపుదురు, తక్కిన భాగములకు మార్గదర్శి లేనిదే పోనీయరు. వచ్చినవారు ముందుగా చిత్రరక్షణను గూర్చిన పాఠము వినవలెను. యోసెమిటీ లోయలో ప్రతి వసంతమునను డేగలు గూడుపెట్టు చరియలను కొన్ని నెలలు విడిచిపెట్టుదురు. ఆస్ట్రేలియాలోని ఉలూరు శిలను ఎక్కవలదని, దానిని పవిత్రముగా నెంచు అనంగు జాతివారు చిరకాలము వేడుకొనిరి. తుదకు 2019 అక్టోబరు 26 నుండి దానిపై ఎక్కుట నిలిచిపోయినది. నిలుపుదురని తెలిసిన కడపటి దినములలో జనము బారులు తీరి యెక్కిరట! పోవునని తెలిసినప్పుడే మనిషికి ఆశ హెచ్చును గాబోలు.

"జనమే రాకున్న కొండలు క్షేమముగా నుండును గదా" యని కొందరందురు. మే మంగీకరింపము. మా కరీంనగరపు గోధుమవన్నె రాయి పరదేశములకుగూడ ఎగుమతి యగుచున్నది. ఎవరును ప్రేమింపని గుట్ట ఒకనాడు గనియై పలకలుగా తరలిపోవును. గంగాధర మండలము కురిక్యాలలోని బొమ్మలమ్మ గుట్టను చూడుడు. పదియవ శతాబ్దిలో, కన్నడ మహాకవి పంపని తమ్ముడు జినవల్లభుడు, ఆ బండపై సంస్కృత కన్నడములతోపాటు తెలుగు కందపద్యములను గూడ చెక్కించెను. దానిని చూచి మురిసినవారుండుటచేతనే దానికై మాటాడువారుండిరి. "జినవల్లభుడును రాతిపై వ్రాసెను గదా, మేము పేరు గీకిన తప్పా?" యని ఏ పిల్లవాడైన నడుగవచ్చును. అతడు ఉత్త బండకు పలుకునిచ్చెను, నీవు పలుకుచున్న బండ నోరు మూయుచున్నావని చెప్పుదము.

ఇక మన తప్పును గూడ ఒప్పుకొందము. ఆనాడు భోజనములైన పిదప మేము కూర్చున్న చోటు చూచుకొన్న, ప్లాస్టిక్ గ్లాసులును, కాగితపు పళ్లెములును మావే యిరువదికి పైగా నుండెను. బస్సులవారిని విమర్శించిన నోటితోనే వానిని ఏరి సంచిలో వేసికొని యింటికి తెచ్చితిమి.

సోదరీమణులారా, పిల్లలను కొండకు పంపుట మానవలదు. పంపునప్పుడు చుట్టపుచూపు మర్యాద నేర్పి పంపుడు. పదిమందికి మించని జట్టుగా, నేర్పరియైన గురువుతో, అనుమతి పొంది పోవలెను. చిత్రమున్న బండను తాకరాదు, దాని దాపున ఎక్కరాదు. వాన వెలిసిన దినమున రాతిని ఆరనీయవలెను. గూళ్లున్న చరియను పక్షులకు విడువవలెను. తెచ్చినదంతయు తిరిగి తీసికొనిపోవలెను. ఒకచోట గుంపు కనబడిన, "మరియొకనాడు వత్తుము" అని వెనుదిరుగుటయు నొక నేర్పే.

ఈ సంక్రాంతి సెలవులలో మా అమ్మాయిని మరి తొమ్మిదిమంది తోడి బాలికలతో శిలారోహణమునకు పంప నిశ్చయించితిమి. పై మాటలన్నియు దానిచేత ఒక కాగితముపై వ్రాయించితిమి. వ్రాసి, కడపట తనంతట తానే యొక పంక్తి చేర్చినది: "జింకను దూరమునుండి చూచి వత్తును."