వృద్ధుల దీర్ఘవ్యాధులు: వైద్యం ఫలించినదని తెలియుట ఎట్లు?

జ్వరపడినవానికి మందిచ్చి, జ్వరం తగ్గినదా లేదా అని చూచిన చాలును. వైద్యం ఫలించినదీ లేనిదీ తేలిపోవును. రక్తపుపోటు, మధుమేహం, కీళ్లనొప్పులు, ఉబ్బసం వంటి వ్యాధుల సంగతి అట్లా కాదు. ఇవి ఒకసారి వచ్చిన పిమ్మట సాధారణంగా విడిచిపోవు, మనిషితోపాటే నడుస్తవి. డెబ్బది ఏండ్లు దాటినవారిలో ఒకదానికొకటి తోడై రెండు మూడు కలిసి ఉండుట పరిపాటి. పూర్తిగా నయం కాని వ్యాధికి జరిగే వైద్యం బాగున్నదని దేనిని చూచి చెప్పవలె?

1966లో అవెడిస్ డొనబేడియన్ అనే పండితుడు అమెరికాలో ప్రకటించిన వ్యాసం ఈ విచారణకు ఒక దారి వేసినది. వైద్యశాలలో ఉన్న సాధనసంపత్తి ఒకటి; రోగికి చేసిన పనులు రెండవది; తుదకు రోగికి కలిగిన ఫలితం మూడవది. ఈ మూడింటినీ వేరువేరుగా పరిశీలించవలెనన్నది ఆయన సూచన. మొదటిదానిని లెక్కించుట సులభం. మంచాలు, యంత్రాలు, మందుల బీరువాలు కంటికి కనిపిస్తవి. ప్రారంభోత్సవాలలో వాటిని గురించే ఎక్కువగా వింటూ ఉండుటకు కారణం ఇదే కాబోలు.

చిక్కంతా ఫలితాన్ని లెక్కించుటలో ఉన్నది. 2017లో మన దేశంలో రక్తపుపోటును అదుపు చేయుటకు ఒక కార్యక్రమం ఆరంభమైనది. మొదటి విడతలో చేరిన ఐదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. అందులో అనుసరించిన లెక్క చాల సరళమైనది. పేరు నమోదైన రోగులను మూడు నెలల కొకసారి మూడు తరగతులుగా విభజిస్తారు: చివరిసారి చూచినప్పుడు పోటు 140/90కి లోపల ఉన్నవారు, దానికి మించి ఉన్నవారు, అసలు రానివారు. ఈ మూడవ తరగతిలోనే విశేషమున్నది. నూరుమంది పేర్లున్నవనుకొందాము. వారిలో 60 మంది వచ్చినారు. వచ్చినవారిలో 45 మందికి పోటు అదుపులో ఉన్నది. వచ్చినవారిని మాత్రమే లెక్కిస్తే నూటికి 75 మందికి గుణమిచ్చినట్లు! పేర్లున్నవారందరినీ లెక్కిస్తే 45 మందికే. వైద్యశాల ఒకటే, వైద్యుడు ఒకడే, మారినది భాజకం.

రేడియోలో పనిచేసే మాకు ఈ మాయ కొత్తది కాదు. ఉత్తరం వ్రాసిన శ్రోతలే మా లెక్కకు వస్తారు. విసుగుపుట్టి రేడియో కట్టివేసినవారు రారు. వైద్యశాలకు రానివారెవరు? వారిలో మోకాళ్లు సహకరించని అవ్వలుంటారు, వెంట వచ్చే మనిషి లేని తాతలుంటారు. వైద్యం ఎక్కువగా కావలసినవారే లెక్కలో నుండి జారిపోతారన్న మాట.

అయితే రోగి తప్పక వచ్చినాడు, పోటు, చక్కెర రెండూ గీతకు లోపలనే ఉన్నవి అనుకొందాము. అంతటితో తృప్తి పడవచ్చునా? వృద్ధుల విషయంలో పడరాదు. చక్కెర మరీ పడిపోతే చెమటలు, తడబాటు, స్పృహ తప్పుట. పోటు మరీ తగ్గితే మంచం దిగగానే కండ్లు తిరిగి పడుట. పుస్తకంలో ఆ మనిషి ‘అదుపులో’ ఉన్నట్లే. బ్రిటన్‌లో కుటుంబవైద్యులకు ఇటువంటి లెక్కలను బట్టి పారితోషికమిచ్చే పద్ధతి 2004లో వచ్చినది. 2019లో మధుమేహపు గీతను రెండు చేసినారు. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే పరీక్షలో తక్కిన రోగులకు 7.5 శాతం గీత కాగా, బాగా దుర్బలులైనవారికి 9 వరకు అంగీకరించినారు. ఇది అశ్రద్ధ కాదు, వివేకమని నా అభిప్రాయం.

2005లో సింథియా బోయిడ్, ఆమె సహచరులు అమెరికాలో ఒక ఊహాచిత్రం గీసినారు. 79 ఏండ్ల స్త్రీ. మధుమేహం, రక్తపుపోటు, ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధి, కీళ్ల అరుగుదల, ఎముకల బలహీనత అనే ఐదు వ్యాధులు. ఒక్కొక్క వ్యాధికి నిపుణులు విధించిన నియమాలన్నీ పాటిస్తే ఆమె రోజూ వాడవలసిన మందులు 12 రకాలైనవి! ఏ నియమమూ తనంతట తాను తప్పు కాదు. అన్నీ కలిసి ఒక ముసలిప్రాణం మీద పడుట ఎవరి లెక్కలోనూ లేదు.

కనుక వ్యాధిని కొలిచే సంఖ్యతోపాటు మనిషిని కొలిచే సంఖ్య కూడ ఉండవలె. దానికి యంత్రమక్కర లేదు. సిడ్నీ కాట్జ్, ఆయన సహచరులు 1963లో ప్రకటించిన కొలత ఆరు ప్రశ్నలే: స్వయంగా స్నానం చేయగలరా, బట్టలు కట్టుకొనగలరా, మరుగుదొడ్డికి పోయి రాగలరా, మంచం మీది నుండి లేవగలరా, మలమూత్రాలు స్వాధీనంలో ఉన్నవా, తమ చేతితో అన్నం తినగలరా. తుంటి ఎముక విరిగిన వృద్ధులను ఏండ్ల తరబడి గమనించి ఆయన ఈ కొలతను కూర్చినాడు.

ఇంట్లో పోటు, చక్కెర వ్రాసుకొనే నోటుబుక్కు ఉన్నచో, ఈ ఆరింటినీ నెలకొకసారి అందులోనే వ్రాయవచ్చును. కాలుజారి పడిన తేదీలను కూడ వ్రాయవలె. పెద్దవారు ఆ సంగతి చాలసార్లు దాచిపెడతారు, అడిగితేనే గాని చెప్పరు. మందులు మనంతట మనం తగ్గించరాదు, మానరాదు. ఆ పుస్తకాన్ని వైద్యుని ముందు పెట్టి, ‘ఈ మందులలో ఇప్పటికీ అవసరమైనవి ఏవి?’ అని అడుగవలె.