అంత్యదశ సంరక్షణ కేంద్రం నాణ్యతను గుర్తించడం ఎలా?

వ్యాధి ఇక నయం కాదని, ఆసుపత్రిలో ఉంచి ప్రయోజనం లేదని వైద్యులు చెప్పినప్పుడు కుటుంబానికి రెండే దారులు కనిపిస్తాయి. ఒకటి, అప్పు చేసి మరొక ఆసుపత్రికి తీసుకువెళ్లడం. రెండవది, రోగిని ఇంటికి తెచ్చుకొని దేవునిపై భారం వేయడం. బెంగళూరు వంటి నగరంలో మూడవ దారి కూడా ఉంది. అదే హాస్పీస్, అనగా అంత్యదశ సంరక్షణ కేంద్రం. వ్యాధిని నయం చేయలేని స్థితిలో రోగి బాధను తగ్గించడం, చివరి దినాలు గౌరవంగా గడిచేటట్లు చూడడం, కుటుంబానికి తోడుగా నిలవడం దాని పని.

అయితే ఆ పేరు పెట్టుకున్న సంస్థలన్నీ ఒకే స్థాయిలో ఉండవు. కొన్నింటిలో శిక్షణ పొందిన వైద్యులు, నర్సులు రాత్రింబవళ్లు సేవ చేస్తారు. మరికొన్ని పడక, భోజనం తప్ప మరేమీ ఇవ్వలేవు. ఎంపిక చేసుకోవడానికి కుటుంబానికి దొరికే సమయం తరచుగా రెండు మూడు దినాలే. ఆ కొద్ది సమయంలో ఏమి చూడాలో, ఏమి అడగాలో తెలిసి ఉండడం ప్రతి కుటుంబానికీ అవసరం.

సేవ నేపథ్యం

ఆధునిక హాస్పీస్ సేవకు 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్స్ సంస్థ ఆద్యమని చెబుతారు. మన దేశంలో మొదటి హాస్పీస్ 1986లో ముంబయిలో ప్రారంభమైన శాంతి అవేదన సదన్. 1993లో కోళికోడ్‌లో మొదలైన ఉపశమన చికిత్సా కేంద్రం ఇంటింటి సేవకు బాట వేసింది. బెంగళూరులో 1999 నుండి కరుణాశ్రయ సంస్థ ముదిరిన క్యాన్సర్ రోగులకు ఉచితంగా సేవ అందిస్తున్నది. ఇన్నేళ్లు గడిచినా అవసరానికి, సేవకు మధ్య అంతరం చాలా పెద్దది. ప్రపంచంలో ఏటా సుమారు 5 కోట్ల 68 లక్షల మందికి ఉపశమన చికిత్స అవసరం కాగా, వారిలో దాదాపు 14 శాతం మందికే అది అందుతున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఈ సేవను కోరడమంటే రోగిని మరణానికి అప్పగించడమేనన్న భయం ఇప్పటికీ అనేక కుటుంబాలలో ఉంది. ఆ భయానికి ఆధారం లేదు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై అమెరికాలోని బోస్టన్‌లో జరిగిన ఒక అధ్యయనం 2010లో వెలువడింది. మామూలు చికిత్సతో పాటు మొదటి నుండీ ఉపశమన చికిత్స కూడా పొందినవారు తక్కువ బాధతో జీవించారు. అంతేకాక, అది పొందనివారికంటే సగటున రెండు నెలలకు పైగా ఎక్కువ కాలం బ్రతికారు.

మొదటి కొలమానం: నొప్పి

భవనం, తోట, నేలపై పరచిన రాళ్లు చూసి కేంద్రం మంచిచెడులను నిర్ణయించరాదు. మొదట అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇక్కడ నొప్పిని ఎలా కొలుస్తారు?

మంచి కేంద్రంలో జ్వరాన్ని, రక్తపోటును నమోదు చేసినట్లే నొప్పిని కూడా ప్రతి దినం పలుమార్లు నమోదు చేస్తారు. బొత్తిగా నొప్పి లేకపోతే సున్నా, భరించలేని నొప్పికి పది అని రోగి చేతనే చెప్పిస్తారు. మందు ఇచ్చిన తరువాత మళ్లీ అడిగి, అంకె తగ్గిందో లేదో చూస్తారు. మాట్లాడలేనివారి విషయంలో ముఖకవళికలు, మూలుగు, పక్కమీద అసహనంగా కదలడం వంటి గుర్తులను గమనించి వ్రాస్తారు. ఈ నమోదు పత్రాన్ని చూపమని కుటుంబం అడగవచ్చు. అది లేని చోట నొప్పి నివారణ పద్ధతిగా సాగడం లేదని భావించవలసి ఉంటుంది.

రెండవ ప్రశ్న మార్ఫిన్ గురించి. తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ ప్రపంచమంతటా ప్రధానమైన మందు. అది ఖరీదైనది కాదు. అయినా అన్ని చోట్లా దొరకదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఉన్న కఠినమైన అనుమతుల వలన అనేక ఆసుపత్రులు దానిని తెప్పించడం మానుకున్నాయి. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలు ఒకే విధమైన నియమాల కింద దానిని నిల్వ చేసుకొనే వీలు కల్పించింది. కనుక “మీ సంస్థకు ఆ గుర్తింపు ఉన్నదా? మందు నిల్వ ఎప్పుడైనా ఆగిపోతున్నదా?” అని సూటిగా అడగాలి. మార్ఫిన్ ఇవ్వడం లేదని, అవసరమైతే వేరే ఆసుపత్రికి పంపుతామని చెప్పే కేంద్రం తీవ్రమైన నొప్పి ఉన్న రోగికి తగినది కాదు.

మందు ఇచ్చే పద్ధతి కూడా ముఖ్యమే. సాధారణ మార్ఫిన్ మాత్ర పని చేసేది సుమారు నాలుగు గంటలు. అందుచేత నొప్పి తిరగబెట్టే దాకా ఆగకుండా వేళ ప్రకారం ఇవ్వాలి. నడుమ నొప్పి లేస్తే ఇవ్వవలసిన అదనపు మోతాదు ముందుగానే చీటీపై వ్రాసి ఉండాలి. మార్ఫిన్ వలన దాదాపు అందరికీ మలబద్ధకం వస్తుంది. కాబట్టి విరేచనకారి మందు దానితోనే మొదలు కావాలి. వైద్యుని పర్యవేక్షణలో మోతాదును క్రమంగా సరిచేస్తూ ఇచ్చే మార్ఫిన్ ప్రాణాన్ని త్వరగా తీయదు. ఈ సంగతిని కుటుంబానికి ఓపికగా వివరించేది మంచి కేంద్రం.

భాష కూడా చికిత్సలో భాగమే

బెంగళూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారు కన్నడం ధారాళంగా మాట్లాడుతారు. కానీ జబ్బు ముదిరి, మగత కమ్మినప్పుడు పెద్దలు తల్లిభాషకే మరలిపోతారు. ఇటీవల పిల్లల వద్దకు వచ్చి చేరిన తల్లిదండ్రులకు కన్నడం రాకపోవచ్చు కూడా. నొప్పి విషయంలో ఇది చిన్న సంగతి కాదు. సలుపు వేరు, పోటు వేరు, మంట వేరు, తిమ్మిరి వేరు. మంటగా ఉందని, సూదులతో గుచ్చినట్లున్నదని, కరెంటు కొట్టినట్లున్నదని రోగి అంటే అది నరాలకు సంబంధించిన నొప్పి కావచ్చు. దానికి మార్ఫిన్ ఒక్కటే చాలకపోవచ్చు. వేరే మందులు కలపవలసి రావచ్చు. కన్నడంలో మంటను ఉరి అంటారు. నర్సు “ఉరి” ఉందా అని అడిగితే, కన్నడం తెలియని తెలుగు ముసలమ్మకు ఆ మాట మరొక విధంగా వినిపిస్తుంది.

కనుక తెలుగు తెలిసిన నర్సు గాని, సహాయకురాలు గాని, స్వచ్ఛంద సేవకులు గాని ఏ వేళల్లో ఉంటారో తెలుసుకోవాలి. ఎవరూ లేకుంటే నొప్పి, దాహం, వికారం, మూత్రం, భయం వంటి మాటలను తెలుగులోను కన్నడంలోను వ్రాసిన చీటీని కుటుంబమే పడక దగ్గర ఉంచవచ్చు. ఆ చీటీని సిబ్బంది ఆదరంగా తీసుకుంటారా లేదా అన్నది కూడా ఒక పరీక్షే.

పడక దగ్గర గమనించవలసినవి

చేర్పించక ముందు ఒకసారి స్వయంగా వెళ్లి చూడడం మంచిది. కదలలేని రోగులను సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతున్నారా, గాలిపరుపులు ఉన్నాయా, కొత్తగా పడకపుండ్లు పడకుండా చూస్తున్నారా అని అడగాలి. రోగుల నోరు, పెదవులు శుభ్రంగా, తడిగా ఉన్నాయో లేదో చూడాలి. క్యాన్సర్ పుండ్ల దుర్వాసనను మెట్రోనిడజోల్ పొడితో చాలా వరకు అదుపు చేయవచ్చు; కాబట్టి గదిలో వాసన భరించరానిదిగా ఉంటే సంరక్షణలో లోపం ఉన్నదని అర్థం. ఆయాసపడుతున్న రోగి ముఖానికి గాలి తగిలేటట్లు ఫ్యాను పెట్టడం వంటి చిన్న జాగ్రత్తలు సిబ్బంది శిక్షణను తెలియజేస్తాయి.

వైద్యుడు ఉపశమన చికిత్సలో శిక్షణ పొందినవారేనా, దినానికి ఎంతసేపు ఉంటారు, రాత్రి ఒక నర్సుకు ఎందరు రోగులు అన్నవి సూటిగా అడగదగిన ప్రశ్నలే. కుటుంబసభ్యులు ఎప్పుడైనా రావచ్చునా, ఒకరు రాత్రి పక్కనే ఉండవచ్చునా, ఇష్టమైన ఆహారం ఇంటి నుండి తేవచ్చునా అన్నవి కూడా అంతే ముఖ్యం. ప్రార్థన, పూజ రోగి ఇష్టప్రకారం జరగాలి. సంస్థ తన మతాచారాన్ని రోగిపై రుద్దరాదు.

కొన్ని కేంద్రాలు క్యాన్సర్ రోగులను మాత్రమే చేర్చుకుంటాయి. మూత్రపిండాల వైఫల్యం, గుండె వైఫల్యం, మతిమరుపు వ్యాధి, పక్షవాతం ఉన్నవారిని చేర్చుకుంటారా లేదా అన్నది మొదటి ఫోనులోనే అడిగితే శ్రమ తప్పుతుంది.

ఇంటి వద్ద సేవ: రాత్రి పరీక్ష

అనేకులు చివరి దినాలు ఇంట్లోనే గడపాలని కోరుకుంటారు. ఇంటికి వచ్చి సేవ చేసే బృందాన్ని పరీక్షించవలసింది రాత్రివేళ. అర్ధరాత్రి రెండు గంటలకు నొప్పి లేస్తే, లేదా ఊపిరి అందకపోతే ఫోను ఎత్తేది ఎవరు? ఎత్తినవారు సలహా చెప్పగల నర్సా, లేక సందేశం వ్రాసుకొనే ఉద్యోగా? అవసరమైన మందులు ముందుగానే ఇంట్లో ఉంచి, వాటిని ఎలా వాడాలో ఇంట్లో ఒకరికి నేర్పుతారా? బృందం వారానికి ఎన్నిసార్లు వస్తుంది, నగరంలోని ఏ ప్రాంతాలకు రాదు? ఈ ప్రశ్నలకు స్పష్టమైన జవాబు ఇవ్వలేని బృందం కష్టకాలంలో ఆదుకోలేదు. అప్పుడు కుటుంబం భయపడి రోగిని అత్యవసర విభాగానికి తీసుకువెళ్లవలసి వస్తుంది. రోగి వద్దనుకున్న వెంటిలేటరు వద్దకే తిరిగి చేరే ప్రమాదం ఉంటుంది.

చివరి దినాలలో స్వస్థలమైన హిందూపురానికో మదనపల్లెకో వెళ్లాలని కోరేవారు ఉన్నారు. అటువంటి కోరికను మంచి కేంద్రం కాదనదు. మందుల చీటీ, వ్యాధి సారాంశం, కొన్ని దినాలకు సరిపడే మందులు, వాటిని వెంట తీసుకువెళ్లడానికి ధ్రువీకరణ పత్రం ఇచ్చి పంపుతుంది. స్వస్థలానికి దగ్గరలో మార్ఫిన్ దొరికే చోటు ఎక్కడుందో ప్రయాణానికి ముందే విచారించడం అత్యవసరం. హైదరాబాదు వైపు వెళ్లేవారికి అక్కడి ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్సా విభాగం ఉంది.

ఖర్చు, రిజిస్ట్రేషన్

కర్ణాటకలో ప్రైవేటు, స్వచ్ఛంద వైద్యసంస్థలు 2007 నాటి ప్రైవేటు వైద్యసంస్థల చట్టం కింద నమోదై ఉండాలి. ఆ ధ్రువపత్రాన్ని, సేవల ధరల పట్టికను చూపమని అడిగే హక్కు పౌరునికి ఉంది. ఉచితమని చెప్పే సంస్థలో కూడా అంబులెన్సు, పరీక్షలు, డైపర్ల ఖర్చు ఎవరిదో ముందే తెలుసుకోవాలి. రుసుము తీసుకొనే సంస్థ అయితే దినసరి మొత్తంలో ఏవేవి చేరి ఉన్నాయో వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. బకాయి ఉన్నదన్న కారణంతో భౌతికకాయాన్ని అప్పగించకుండా ఆపరాదని 2017లో ఈ చట్టానికి చేసిన సవరణ స్పష్టం చేస్తున్నది.

రోగి మాట

తనకు నయం కాదని తెలిసినప్పుడు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో నిర్ణయించుకొనే హక్కు రోగిది. ముందస్తు వైద్య నిర్దేశ పత్రాన్ని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించి, 2023 జనవరి 24న దాని పద్ధతిని సులభతరం చేసింది. మానసికంగా స్వస్థులైన వయోజనులు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరించుకుంటే చాలు. తమ తరఫున నిర్ణయించవలసిన వారి పేరు అందులో వ్రాయాలి. ఒక ప్రతిని స్థానిక సంస్థ నియమించిన అధికారి వద్ద భద్రపరచాలని కూడా కోర్టు నిర్దేశించింది. ఈ తీర్పు అమలుకు కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో ఉత్తర్వు జారీ చేసింది. కేంద్రంలో చేరేటప్పుడు “అమ్మగారి కోరిక ఏమిటి?” అని సిబ్బంది తామే అడిగి వ్రాసుకుంటే, రోగి మాటకు అక్కడ విలువ ఉన్నదని తెలుస్తుంది.

మరణానంతరం

సేవ మరణంతో ముగియరాదు. ఇంట్లో మరణం సంభవిస్తే మరణకారణ ధ్రువపత్రం అవసరమవుతుంది. దానిని తమ వైద్యుడే వచ్చి ఇస్తారా అని ఇంటి సేవా బృందాన్ని ముందే అడగాలి. లేకుంటే దుఃఖంలో ఉన్న కుటుంబం శ్మశానం వద్ద చిక్కుల్లో పడుతుంది. మరణాన్ని 21 దినాలలోగా నమోదు చేయించాలి. కొన్ని వారాల తరువాత కుటుంబాన్ని పలకరించి, క్షేమం విచారించే ఏర్పాటు ఉన్నదా అన్నది కూడా అడగదగినదే.

వెళ్లేటప్పుడు వెంట ఉంచుకొనవలసిన ప్రశ్నలు

1. నొప్పిని దినానికి ఎన్నిసార్లు కొలిచి వ్రాస్తారు?
2. మార్ఫిన్ ఎల్లప్పుడూ నిల్వ ఉంటుందా?
3. రాత్రి నర్సు ఉంటారా? ఫోనుకు ఎవరు జవాబిస్తారు?
4. తెలుగులో మాట్లాడగలవారు ఏ వేళల్లో ఉంటారు?
5. ఏ వ్యాధులవారిని, ఎంతకాలం ఉంచుకుంటారు?
6. ఏ ఖర్చు ఎవరు భరించాలి?
7. రోగి కోరికను ఎక్కడ వ్రాసి ఉంచుతారు?
8. ఇంట్లో మరణం సంభవిస్తే ధ్రువపత్రం ఎవరు ఇస్తారు?

ఈ ప్రశ్నలకు విసుగు లేకుండా, దాపరికం లేకుండా జవాబిచ్చే సంస్థకు పెద్ద భవనం లేకపోయినా ఫరవాలేదు. రోగి స్పృహలో ఉండగానే, మాట చెల్లుబాటు అయ్యే దశలోనే ఈ విచారణ మొదలుపెట్టడం మేలు. అప్పుడే ఎక్కడ ఉండాలో, ఎవరి మధ్య ఉండాలో రోగి తానే చెప్పగలుగుతారు.