చీడికాడ మీద ఎగరని విమానం

పోయిన సంక్రాంతి సెలవులకి చీడికాడ వెళ్లినప్పుడు మా పెద్దమ్మ ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించింది. "మీ అన్నయ్య దీంట్లోనేనేట్రా తిరుగుతున్నాడు?" అంది. అన్నయ్య నేవీలో సెయిలర్. బొమ్మలో ముదురు నీలం మీద నల్లచారలున్న యుద్ధవిమానం, తోక మీద పులిపంజా. కింద ఎవరో "మన నేవీ కొత్త విమానం, గర్వంగా షేర్ చేయండి" అని రాశారు.

అది నేవీది కాదు. సెకండియర్‌లో మిడ్స్ ముందు రోజు రాత్రి, చదవాల్సింది వదిలేసి, హాస్టల్ రూంలో కూర్చుని నేను గీసింది. స్టేటస్‌లో పెట్టాను. ఎవరో నా సంతకం ఉన్న మూల కత్తిరించి ముందుకు పంపారు, అది తిరిగి తిరిగి మా ఇంటికే వచ్చింది. పెద్దమ్మ దాన్నే డీపీగా పెట్టుకుంది.

ఆ పండగంతా రెండు విషయాలు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఒకటి, అది ఉత్తుత్తిదని ఆవిడకి చెప్పాల్సి రావడం. రెండోది చెప్పుకోడానికి సిగ్గేగానీ, ఆ రంగులు అసలు ఆ విమానానికి అతకవు. కాస్త తెలిసినవాళ్లెవరైనా ఒక్క చూపులో పట్టేస్తారు. ఆ రెండింటికీ కలిపి జవాబు వెతుక్కుంటే వచ్చిందే ఈ వ్యాసం.

లేని విమానాలకి రంగులు వేయడం, ఉన్న విమానాలకి లేని రంగులు వేయడం ప్రపంచమంతా ఉన్న సరదానే. వాట్-ఇఫ్ అంటారు. మన మాటలో 'అయ్యుంటే' బొమ్మలు అనుకోండి. ఫలానా దేశం ఫలానా విమానం కొనుంటే? ఫలానా స్క్వాడ్రన్ మన ఊరి దగ్గర ఉండుంటే? విమానాన్ని పక్కనుంచి చూసినట్టు గీసేదాన్ని ప్రొఫైల్ అంటారు. గీతలు ఒక్కసారి సరిగ్గా గీసుకుంటే దాని మీద ఎన్ని రంగులైనా మార్చి చూసుకోవచ్చు. క్రిటా, ఇంక్‌స్కేప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు, పాత లాప్‌టాప్ మీద కూడా నడుస్తాయి. గీయడం అంత కష్టం కాదు. నమ్మేలా గీయడమే కష్టం.

నా మొదటి తప్పు, రంగుని చీర అంచులాగా అలంకారం అనుకోవడం. మిలిటరీ విమానం మీద రంగు ఒక ప్రశ్నకి జవాబు. దీన్ని ఎవరు చూస్తారు, ఎక్కణ్ణుంచి చూస్తారు, ఏ వేళప్పుడు చూస్తారు? అంతే ప్రశ్న.

కోనాం రిజర్వాయర్‌లో పట్టిన బొచ్చె చేపని ఎప్పుడైనా పరీక్షగా చూశారా? వీపు నలుపు, పొట్ట వెండి. పైనుంచి చూసే కొంగకి వీపు నీటి చీకట్లో కలిసిపోతుంది, కిందనుంచి చూసే పెద్ద చేపకి పొట్ట వెలుతుర్లో కలిసిపోతుంది. అబట్ థేయర్ అనే అమెరికా చిత్రకారుడు జంతువుల రంగుల్లో ఈ కిటుకుని వివరిస్తూ 1909లో పెద్ద పుస్తకమే తెచ్చాడు. నేల మీద తక్కువ ఎత్తులో ఎగిరే దాడి విమానాలకి పైన ముదురు రంగులు, కింద లేత రంగు వేయడం వెనక ఉన్నదీ ఇదే లెక్క.

ప్రశ్న మారితే జవాబూ మారుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో కొన్ని బ్రిటిష్ స్పిట్‌ఫైర్‌లకి లేత గులాబీ రంగు వేశారు. నవ్వొస్తుంది గానీ, తెల్లారగట్లా సందెవేళా మబ్బుల కింద తిరిగి ఫోటోలు తీసే విమానం అది. ఆ వేళప్పుడు మబ్బుల రంగే గులాబీ. అదే కాలంలో అట్లాంటిక్ మీద జలాంతర్గాముల్ని వేటాడే విమానాల్లో కొన్ని మొదట్లో కింద నల్లగా ఉండేవి, రాత్రి బాంబర్ల దగ్గర్నుంచి వచ్చిన రంగు అది. పగలు వెలుగుతున్న ఆకాశం ముందు నల్లటిది ఈగలా కొట్టొచ్చినట్టు కనపడుతుంది కదా. దాంతో పక్కలకీ కిందా తెలుపు వేశారు. ఇప్పటి ఫైటర్లు చాలావరకు బూడిద రంగులో ఉండటానికి కారణం, వాటి పని ఎక్కువగా ఆకాశం ముందు జరగడమే. కెనడా వాళ్లు తమ సీఎఫ్-18ల పొట్ట మీద ఉత్తుత్తి కాక్‌పిట్ బొమ్మ వేశారు. దగ్గర్నుంచి పోరాడేటప్పుడు విమానం ఎటు వాలుతోందో ఎదుటి పైలట్ ఒక్క క్షణం తికమకపడితే చాలని. ఆ ఆలోచన కీత్ ఫెరిస్ అనే ఆయనది, ఆయన విమానాల బొమ్మలు గీసే చిత్రకారుడే! మన క్లబ్‌లో డ్రాయింగ్ గాళ్లని తక్కువగా చూసేవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవాలి. ఇక సూర్యకిరణ్ జట్టు ఎరుపూ తెలుపూ వేసుకుంటుంది, ఎందుకంటే దాన్ని అందరూ చూడాలి. దాక్కోడం దాని పనే కాదు.

ఇప్పుడు నా నల్లచారల నీలం విమానాన్ని ఈ ప్రశ్న అడగండి. ఎవరికి కనపడకూడదు? ఎక్కడ? నా దగ్గర జవాబు లేదు. బావుందని వేశాను, అంతే.

అందుకే రెండోసారి ముందు కథ రాసుకున్నాను. మారుత్ తీసుకున్నాను, హెచ్‌ఎఫ్-24. కుర్ట్ టాంక్ అనే జర్మన్ డిజైనర్ సారథ్యంలో బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో పుట్టిన జెట్ ఫైటర్. 1961 జూన్ 17న మొదటిసారి ఎగిరింది, మొత్తం 147 తయారయ్యాయి. ఇంజిన్ బలం చాల్లేదు, ఉన్న బలంతో 1971 యుద్ధంలో రాజస్థాన్ వైపు నేల మీది లక్ష్యాల్ని కొట్టింది. నాకు అదంటే జాలీ ఇష్టమూ రెండూ. నా కథ ఇది: 1971 తర్వాత కొన్ని మారుత్‌లని తూర్పు తీరానికి తెచ్చారు, అవి విశాఖ నుంచి లేచి చీడికాడ, మాడుగుల కొండల మీద తక్కువ ఎత్తులో శిక్షణ చేస్తున్నాయి. ఇది జరగలేదు. కానీ జరిగుంటే ప్రశ్నకి జవాబు స్పష్టం: పైనుంచి చూసే శత్రు పైలట్‌కి ఇది మా ఊరి నేలలో కలిసిపోవాలి.

మరి మా ఊరి నేల ఏ రంగు? తడుముకోకుండా "పచ్చ" అనేస్తాం. కోనాం దగ్గర కొండ సగం దాకా ఎక్కి ఫోన్‌తో ఫోటో తీశాను. దాన్ని లాప్‌టాప్‌లో ఎనిమిది అడ్డం ఎనిమిది పిక్సెల్‌లకి కుదించాను. ఈసీఈ వాళ్లకి చెప్పక్కర్లేదు, ఇది సగటు తీయడమే, లో-పాస్ ఫిల్టర్ లాంటిది. దూరం నుంచి చూసే కన్ను చేసేదీ దాదాపు ఇదే. మిగిలిన అరవై నాలుగు గడుల్లో చిలకపచ్చ ఒక్కటి కూడా లేదు. పాచి రంగు, బురద రంగు, మామిడితోటల నీడకి మసిబారిన పచ్చ, కోసేసిన వరిమళ్ల దగ్గర మాసిన గోనెసంచి రంగు. యుద్ధవిమానాల పచ్చలు అంత నీరసంగా ఎందుకుంటాయో అప్పుడు అర్థమైంది. ఆకు పచ్చగా ఉంటుంది, అడవి అంత పచ్చగా ఉండదు.

ఇంకో చిక్కు. సంక్రాంతికి మళ్లు ఎండిపోయుంటాయి, ఆగస్టులో నాట్లు పడి నిండుగా ఉంటాయి. కారు మార్చినప్పుడల్లా విమానానికి రంగు మార్చరు. కాబట్టి ఏడాదంతా మారనివి ఏవో చూడాలి. చెట్ల నీడ మారదు, గట్ల మీద ఎర్రమట్టి మారదు. చివరికి ముదురాకుపచ్చ, మట్టిరంగు తేలాయి. తీరా చూస్తే 1940 నాటి ఇంగ్లండ్ స్పిట్‌ఫైర్ రంగులకి అవి పెద్ద దూరంలో లేవు! మా ఊరు ప్రత్యేకం అనుకున్నవాడికి కాస్త నిరాశే. అందుకని మూడో రంగు కలిపాను, ఇంటి గోడకింద వేసే జాజు. దాన్ని కూడా అలాగే వేస్తే అరుస్తుంది, బూడిద కలిపి చంపాలి. మాడుగుల హల్వా మీద మూత తీసినప్పుడు కనిపించే ఆ ముదురు గోధుమ దగ్గరికి వచ్చాక ఆపాను. పొట్టకి లేత గచ్చకాయ రంగు.

తర్వాత మచ్చల సైజు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు, స్క్రీన్ మీద జూమ్ చేసుకుని చిన్నచిన్న మచ్చలు వేస్తూ పోతారు. మామూలు మనిషి కన్ను సుమారు ఒక ఆర్క్ మినిట్ కంటే చిన్న తేడాని విడదీయలేదు. రేడియన్లలో అది 0.00029. మూడు కిలోమీటర్ల దూరంలో ఎంతవుతుంది? 3000 ఇంటూ 0.00029, అంటే 87 సెంటీమీటర్లు. అంతకంటే చిన్న మచ్చలన్నీ ఆ దూరంలో కలిసిపోయి ఒకటే రంగుగా కనపడతాయి. అప్పుడు విమానం ఆకారం చక్కగా తెలిసిపోతుంది. ఆకారాన్ని ముక్కలు చేయాలంటే రెండు మూడు మీటర్ల పట్టీలు కావాలి. మారుత్ పొడవు దాదాపు 16 మీటర్లు, అంటే పక్కనుంచి ఐదు నుంచి ఎనిమిది పట్టీలకి మించి పట్టవు. నా మొదటి బొమ్మలో పాతిక చారలున్నాయి.

పట్టీలు రెక్కల మీదికి ఎలా ఎక్కుతాయో ప్రొఫైల్‌లో కనపడదు కాబట్టి ముందు పైనుంచి చూసిన బొమ్మ వేసుకోవాలి. మా తమ్ముడి థర్మోకోల్ గ్లైడర్ మీద స్కెచ్ పెన్‌తో గీసి చూశాను, వాడు రెండ్రోజులు మాట్లాడలేదు. కానీ ఎడమ పక్క మొదలైన పట్టీ వీపు మీదుగా కుడి పక్క ఎక్కడ దిగాలో అప్పుడుగానీ తెలియలేదు. వాడడం వల్ల వచ్చే మాపు కూడా వేయాలి: ఇంజిన్ పొగ దగ్గర మసి, మెకానిక్‌లు ఎక్కిదిగే రెక్క మొదట్లో అరుగుదల, ఎండకి పైభాగం వెలవడం. మితంగా వేయండి. కొందరి బొమ్మల్లో విమానం స్క్రాప్ షాపు నుంచి లేచినట్టుంటుంది.

నిజం విమానం మీద రంగు ఎలా కూర్చుంటుందో చూడాలంటే విశాఖ ఆర్కే బీచ్‌లో టీయూ-142 మ్యూజియం ఉంది. 2017లో రిటైరైన నేవీ విమానం. రివెట్ల వరసలు, పలకల అతుకులు, చిన్నచిన్న హెచ్చరిక రాతలు దగ్గర నిలబడి చూడొచ్చు. ఎయిర్‌పోర్టులో మాత్రం ఫోన్ తీయకండి, అది ఐఎన్‌ఎస్ డేగా, నేవీ స్థావరం.

ఇక గుర్తులు. రంగు దాచడానికైతే, గుర్తు చెప్పడానికి. మనవాడో కాదో ఒక్క క్షణంలో తేలాలి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. వాటి రెక్కల మీద ఎర్రటి సూర్యుడు. మనవైపు విమానాల మీద బ్రిటిష్ గుండ్రటి గుర్తు, దాని నడిమధ్యన కూడా ఎర్రటి చుక్కే. ఆ ఎరుపు చూసి సొంతవాళ్లే కాల్చేసే ప్రమాదం ఉందని తర్వాత ఈ వైపు యుద్ధరంగంలో ఆ చుక్క తీసేసి నీలం, తెలుపు రంగులతో సరిపెట్టారు. స్వతంత్ర భారత వాయుసేన గుర్తు బయట కాషాయం, తర్వాత తెలుపు, నడుమ ఆకుపచ్చ. గీసేటప్పుడు ఈ వరస తారుమారు చేయకండి, చాలామంది చేస్తారు.

ఇక్కడ ఆగిపోయాను. రంగులు కుదిరాయి, గుర్తు కుదిరింది. మారుత్‌ల నంబర్లు బీడీ అక్షరాలతో మొదలయ్యేవి, అదీ వేసేస్తే బొమ్మ అచ్చం నిజం. అంటే మొదటి బొమ్మ కంటే ఇది ఇంకా ప్రమాదం. అది తెలిసినవాళ్లకైనా దొరికేది, ఇది వాళ్లకీ దొరకదు. 2025 మేలో భారత్-పాక్ ఘర్షణ నడిచిన ఆ నాలుగు రోజులూ గుర్తున్నాయి కదా, వీడియో గేమ్ దృశ్యాలు యుద్ధం వీడియోలుగా తిరిగితే పీఐబీ ఫ్యాక్ట్ చెక్ వాళ్లు అది గేమ్ అని చెప్పాల్సి వచ్చింది. ఆ రాత్రుల్లో మా పెద్దమ్మ ఫోన్ పక్కన పెట్టి నిద్రపోలేదు. అలాంటి మనిషికి నా బొమ్మ ఇంకోటి ఎలా పంపాలి?

మూలన సంతకం పెడితే కత్తిరిస్తారు. అడ్డంగా "కల్పితం" అని వాటర్‌మార్క్ వేస్తే బొమ్మ చచ్చిపోతుంది, పైగా దాన్ని చెరిపే యాప్‌లున్నాయి. కల్పితమనే మాట విమానం ఒంటి మీదే, రంగులో భాగంగా ఉండాలి. చివరికి తోక దగ్గర నంబర్‌ని తెలుగు అంకెల్లో వేశాను: ౫౩౧. తోక చివర ఏటికొప్పాక లక్కబొమ్మ మీదుండే పసుపు, ఎరుపు వలయాలు సన్నగా రెండు. ఏ వాయుసేనా తెలుగు అంకెలు వేయదు. కత్తిరించాలంటే తోక కత్తిరించాలి.

సెమ్ సెలవులకి వెళ్లినప్పుడు ప్రింట్ తీసుకెళ్లి, ఏమీ చెప్పకుండా పెద్దమ్మ చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని ముక్కు నుంచి తోక దాకా వేలితో తడుముకుంటూ వెళ్లింది. తోక దగ్గర వేలు ఆగింది.

"ఇదేట్రా, విమానం మీద పంచాంగం నంబర్లేసీసినావు?"