పేరు తిరిగి తెచ్చుకొన్న బాలిక

అద్భుత కథ అనగానే మాంత్రికుడు, చెరసాల, ఆ చెర విడిపించుటకు వచ్చు రాకుమారుడు మనకు స్ఫురించుట సహజము. చెరలోని కన్యకు ఎదురుచూచుట తప్ప వేరొక పని ఉండదు. ఈ సంప్రదాయమును మార్చివేసిన చిన్న నవల ఒకటి కలదు. అమెరికా రచయిత్రి అర్సులా కె. లెగ్విన్ (1929-2018) రచించిన ఆ నవల పేరు 'ది టూంబ్స్ ఆఫ్ అటువాన్'. 1971లో వెలువడి, మరుసటి యేట న్యూబరీ ఆనర్ పొందినను, ఆమె 1968 నాటి 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'కి వచ్చిన ప్రఖ్యాతి దీనికి రాలేదు.

కథానాయిక తేనార్. అటువాన్ సమాధుల ప్రధాన పూజారిణియే ఈమెగా మరల జన్మించినదని నిర్ణయించి, ఐదేండ్ల ప్రాయమున ఆమెను కన్నవారి నుండి కొనిపోయినారు. పేరు తీసివేసి 'అర్హ' అన్నారు. తెలుగువారి చెవికి ఆ మాట యోగ్యురాలని ధ్వనించును. ఆ కల్పిత దేశపు భాషలో మాత్రము దాని అర్థము 'భక్షింపబడినది' అని!

సమాధుల క్రింది గుహలో దీపము నిషిద్ధము. గోడలను వ్రేళ్లతో తడుముచు, మలుపులు లెక్కించుచు, ఆ బాలిక చీకటి దారులను కంఠస్థము చేయును. అధికారము చేయుటయు నేర్చును. ముగ్గురు బందీలను అన్నపానములు లేక చావనిమ్మని శాసించును. పిదప పీడకలల పాలగును. నాయిక చేసిన ఈ ఘోరమును రచయిత్రి కప్పిపుచ్చలేదు. నవల గొప్పతనము ఇచ్చటనే ఉన్నది.

విరిగిన ఉంగరపు సగభాగమునకై గెడ్ అను మాంత్రికుడు ఆ గుహలో ప్రవేశించును. అతనిని చంపుట ఆమె ధర్మమని పెద్దలు నేర్పినారు. ఆమె నీరిచ్చి బ్రతికించును. అతడు ఆమెను అసలు పేరుతో పిలుచును. అయినను అతడు రక్షకుడు, ఆమె రక్షితురాలు అనుటకు వీలులేదు. మంత్రశక్తి అతనిదే గాని, వెలుపలికి పోవు దారి ఆమెకే తెలియును. ఒకరు లేక మరియొకరు బయటపడలేరు.

బయటపడిన పిమ్మట ఆమె ఆనందముతో గంతులు వేయదు, ఏడ్చును. చిన్ననాటి నుండి నమ్మినదంతయు విడిచిన మనసుకు స్వేచ్ఛయు మోయరాని బరువే. కత్తి పట్టిన నాయికలు పెక్కుమంది కలరు గాని, ఈ ధైర్యము చూపినవారు అరుదు.

ఇది మనకు అంత దూరపు కథ కాదు. ఆడపిల్లలను దేవతకు అర్పించి జోగినులను చేయు ఆచారమును మన రాష్ట్రమున చట్టము నిషేధించినది 1988లో మాత్రమే. ఆ సంగతి ఎరిగిన ఉపాధ్యాయుడు ఈ నవలను మామూలు వినోద కథగా చదువలేడు.

పూర్వార్ధము కొంత మందగమనము. మాంత్రికుని రాకకు చాలసేపు వేచియుండవలెను. తొలి నవల చదువనివారికిని కథ సుబోధమే. ఉన్నత తరగతుల విద్యార్థులకు ఉపాధ్యాయులు ముందుగా గుహ వరకు కథను తెలుగున చెప్పి, పిదప పుస్తకము చేతికీయవలెను. తేనార్ ఎట్లు బయటపడినదో తెలిసికొనుటకు పిల్లలు తామే పుటలు త్రిప్పుదురు.