మోవానా నాయనమ్మ... మావోరీ గొంతుక!

'మోవానా' చూసిన పిల్లలెవరూ ఆ నాయనమ్మను మర్చిపోలేరు. అలలతో కలిసి చిందులేస్తుంది. సముద్రం వైపు వెళ్లొద్దని కొడుకు అంటుంటే, మనవరాలికి మాత్రం పూర్వికుల పడవలు దాచిన గుహ చూపిస్తుంది. చనిపోయాక కూడా వెలుగుతో ఈదే పెద్ద చేపై వచ్చి దారి చూపుతుంది. ఆ టాలా నాయనమ్మకు గొంతు అరువిచ్చిన నటి... రేచల్ హౌస్. 2016లో ఆ సినిమా విడుదలైనప్పుడు ఆమె వయసు 45 ఏళ్లే!

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో 1971లో పుట్టింది రేచల్. నై తాహు, నాతి ముటుంగా అనే మావోరీ తెగలు ఆమె మూలాలు. కానీ పెరిగింది స్కాట్లాండ్ నుంచి వలస వచ్చిన దంపతుల దగ్గర. వాళ్లు ఆమెను దత్తత తీసుకుని, దేశానికి ఉత్తరాన ఫాంగారే పట్టణం పక్కనున్న కామోలో పెంచారు. వెల్లింగ్టన్‌లోని జాతీయ నటనా పాఠశాల 'టోయ్ ఫాకారి'లో చేరి 1992లో పట్టా అందుకుంది. అక్కడి నుంచి నాటకమే లోకమైంది. నటిస్తూనే దర్శకత్వంలోకి అడుగుపెట్టింది. అది చాలదన్నట్టు ప్రేగ్ ఫిల్మ్ స్కూల్‌కి వెళ్లి సినిమా దర్శకత్వమూ నేర్చుకుంది.

షేక్‌స్పియర్ మావోరీలో...

2012లో లండన్‌లోని షేక్‌స్పియర్ గ్లోబ్ థియేటర్ ఓ పెద్ద పండగ చేసింది. ఆయన 37 నాటకాలను 37 భాషల్లో ప్రదర్శించడం దాని ప్రత్యేకత. షేక్‌స్పియర్ పుట్టినరోజుగా జరుపుకొనే ఏప్రిల్ 23న తొలి నాటకం ఆడే అవకాశం మావోరీ భాషకు దక్కింది. 'నాకౌ టోవా' బృందం ప్రదర్శించిన ఆ 'ట్రాయిలస్ అండ్ క్రెసిడా'కు దర్శకురాలు రేచలే. ట్రాయ్ యుద్ధం కాస్తా తెల్లవాళ్లు రాకముందు నాటి మావోరీ గడ్డ మీదికి వచ్చేసింది. ఒంటి నిండా పచ్చబొట్లతో, తొడలు చరుస్తూ హాకా చేస్తూ వీరులు వేదిక మీదికి దూకారు.

అదెంత పెద్ద విషయమో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఒకప్పుడు న్యూజిలాండ్ బడుల్లో మావోరీ మాట్లాడిన పిల్లలకు దెబ్బలు పడేవి. దాంతో తల్లిదండ్రులు ఇంట్లోనూ ఆ భాష మానేశారు. భాష పోతుందని భయపడిన పెద్దలు 1982లో 'కోహంగా రేయో' పేరుతో శిశుపాఠశాలలు మొదలుపెట్టి, పసివాళ్లకు అమ్మమ్మలూ తాతయ్యల చేత మాటలు నేర్పించారు. 1987లో మావోరీ అధికార భాష అయింది. అలాంటి భాష పాతికేళ్లకు షేక్‌స్పియర్ వేదిక మీద మోగింది!

నవ్వించే అధికారిణి

వెండితెర మీద రేచల్ ప్రయాణం నింపాదిగా సాగింది. 'వేల్ రైడర్'(2002)లో చిన్న పాత్ర. దర్శకుడు టైకా వైటీటీ తీసిన 'బాయ్'(2010)లో మేనత్త గ్రేసీ. 'హంట్ ఫర్ ద వైల్డర్‌పీపుల్'(2016)లో పారిపోయిన పిల్లాడి కోసం పోలీసుల్ని వెంటేసుకుని అడవంతా గాలించే శిశుసంక్షేమ అధికారిణి. 'థోర్: రాగ్నరాక్'(2017)లో మొహం చిట్లించుకుని నిలబడే అంగరక్షకురాలు. మరి 'బాయ్', 'వైల్డర్‌పీపుల్' సినిమాల్లో పిల్లలు అంత సహజంగా ఎలా చేశారంటారా? వాళ్లకు నటన నేర్పిందీ ఆమే. 'జోజో రాబిట్'(2019)లోని పిల్లలకూ తనే గురువు.

2017లో 'మోవానా'ను మావోరీలోకి అనువదించారు. అందులోనూ నాయనమ్మ గొంతు రేచల్‌దే. అంతేనా, మిగతావాళ్ల చేత సంభాషణలు పలికించే బాధ్యతా తీసుకుంది. మావోరీ భాషా వారోత్సవాల సందర్భంగా ఆ సినిమాను థియేటర్లలో ఉచితంగా ప్రదర్శించారు. ఒకనాడు దెబ్బలు తెచ్చిపెట్టిన మాటల్నే ఇప్పుడు పిల్లలు తెర మీద విని కేరింతలు కొట్టారన్నమాట.

కొండే అమ్మ

ముప్ఫై ఏళ్లు నటించాక 2024లో 'ద మౌంటెన్'తో రేచల్ పూర్తి నిడివి చిత్ర దర్శకురాలైంది. శామ్ అనే పదకొండేళ్ల పాపకు క్యాన్సర్. తన మూలాలు తారనాకి కొండతో ముడిపడి ఉన్నాయనీ, ఆ కొండే తనను కాపాడుతుందనీ నమ్మి ఆసుపత్రి నుంచి పారిపోతుంది. దారిలో తల్లిని పోగొట్టుకున్న ఓ పిల్లాడు, పోలీసు తండ్రి పట్టించుకోని మరో పిల్లాడు తోడవుతారు. ముగ్గురూ నవ్వుతూ, గొడవపడుతూ కొండ బాట పడతారు. పుట్టిన చోటుకూ పెరిగిన చోటుకూ మధ్య దూరం తెలిసిన మనిషి తీసిన కథ కాబట్టేనేమో, మూలాలు వెతుక్కునే ఆ పాప ఆరాటం మనసుకు తగులుతుంది.

2,518 మీటర్ల ఆ అగ్నిపర్వతం మావోరీలకు పూర్వికుడితో సమానం. 1770లో కెప్టెన్ కుక్ దానికి ఎగ్మాంట్ అని పేరు పెట్టాడు. 2025 జనవరిలో న్యూజిలాండ్ పార్లమెంటు చట్టం చేసి ఆ కొండకు మనిషికి ఉన్నట్టే హక్కులిచ్చింది, అధికారిక పేరుగా తారనాకి మౌంగానే ఖాయం చేసింది. కొండ తన పేరు తాను తిరిగి తెచ్చుకుంది. భాష తిరిగి గొంతు విప్పింది. ఆ గొంతుల్లో ఒకటి... 'మోవానా' నాయనమ్మది!